ఊరి సొమ్ము – ఊరి లెక్క



సంతకు పోయి వచ్చిన కుమారుని తండ్రి లెక్క అడుగును. కుమారుడు దొంగ యని తలచి అడుగుట లేదు. ఆ సొమ్ము ఇంటిల్లిపాది కష్టార్జితము గనుక అడుగుచున్నాడు. బుద్ధిమంతుడగు కుమారుడు అందులకు కోపగింపడు. చీటీ తీసి చూపును. ఈ ధర్మము మన ఇండ్లలో నిలిచియున్నది గాని, గడప దాటి ఊరి చావడికి రాలేదు. చెరువునకు, బాటకు, బడికి వచ్చిన సొమ్మునకు లెక్క అడుగుటకు మనము జంకుదుము. ఈ జంకు ఎచ్చట ఎట్లు వదలినదో, దానివలన ఏమి ఫలించినదో, ఏమి ఫలింపలేదో ఈ పాఠమున విచారింతము.

మొదట వచ్చిన ప్రశ్న

రాజస్థానమున రాజసమంద్ జిల్లాలో దేవ్‌డూంగ్రీ అను చిన్న ఊరు కలదు. దానిని కేంద్రముగా చేసికొని 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను కూలీల, రైతుల సంఘము ఏర్పడినది. ఉద్యోగము విడిచి పల్లెకు వచ్చిన అరుణా రాయ్, ఆమెతో పాటు నిఖిల్ డే, శంకర్ సింగ్ దాని స్థాపకులలో ముఖ్యులు. కరవుపనులకు పోయిన కూలీలకు నిర్ణీతమైన కనీస కూలి చేతికి వచ్చెడిది కాదు. కారణ మడిగిన, "మీరు చేసిన పని కొలతకు తక్కువ" అని ప్రత్యుత్తరము. ఆ కొలత ఎచ్చట వ్రాసితిరో చూపుడనిన, అది ప్రభుత్వ రహస్యమనిరి. పొట్టకూటి ప్రశ్న ఆవిధముగా కాగితపు ప్రశ్న యైనది.

1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున మొదటి జనసునవాయి, అనగా బహిరంగ విచారణ, జరిగినది. పనుల పత్రములను జనుల యెదుట బిగ్గరగా చదివిరి. ఎవరి పేర వ్రాసిరో వారే వినిరి, వినినవారే సాక్షులైరి. 1996 ఏప్రిలులో బ్యావర్ పట్టణమున ఈ కోరికతోనే నలుబది దినములు ధర్నా చేసిరి. ఇట్టి ప్రయత్నములు పెక్కు కలిసి, 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరు 12 నుండి అది పూర్తిగా అమలులోనికి వచ్చినది.

మన నేలపై జరిగినది

గ్రామీణ ఉపాధి హామీ చట్టము కూడ 2005లో చేసినదే. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఆ పథకమును అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రారంభించిరి. ఆ చట్టము 17వ విభాగము, పనులన్నిటిని గ్రామసభయే తనిఖీ చేయవలెనని విధించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006 నుండి దీనిని ఆచరణకు తెచ్చి, 2009లో ఇందుకొఱకు ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. దీనికి సామాజిక తనిఖీ యని పేరు.

దాని పద్ధతి సులభము. కూలికుటుంబములలో చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ నిత్తురు. వారు మస్టరు కాగితములు, కొలతల పుస్తకములు తీసికొని ఇల్లిల్లు తిరిగి, "ఇన్ని దినములు పని చేసితిరా? ఇంత కూలి ముట్టినదా?" అని అడుగుదురు. పని జరిగిన చోటికి పోయి టేపు పట్టి కొలుతురు. పిదప గ్రామసభలో చదివి వినిపింతురు. కడపట మండల కేంద్రమున, ప్రజావేదికపై, అధికారుల సమక్షమున విచారణ జరుగును.

నేను పనిచేసిన ఒక గ్రామమున ఇట్టి సభ మా బడి ఆవరణలోనే జరిగినది. ఒక వృద్ధురాలి పేరు చదివిరి. ఆమె లేచి, "నాయనా, ఆ దినములలో నేను మంచము పట్టియుంటిని. పలుగు ముట్టలేదు, పైసా ముట్టలేదు" అని చెప్పినది. సభ నిశ్శబ్దమైనది. మరునాడు ఆమెకు పని యియ్యవలసినవారు అచ్చటనే నిలిచియుండిరి. ఆ మాట పలికినందులకు ఆమె ఏమి పోగొట్టుకొనునో అందరికి తెలియును. కొంతసేపటికి మరియొక స్త్రీ లేచి ఆమె ప్రక్కన నిలిచినది, ఆపై ఇంకొకతె. ఆ ముగ్గురిలో ఒక్కరికిని అక్షరము రాదు. అక్షరములు నేర్పుటయే వృత్తిగా గల నేను, పంచాయతీ గోడపై అంటించిన ఆ జాబితాను అంతకుముందు ఒక్కనాడును నిలిచి చదివియుండలేదు. ఆనాటి సిగ్గు నన్నింకను విడువలేదు.

లెక్కకును నీటికిని గల సంబంధము

ఇది కూలి డబ్బుల తగవు మాత్రమే యని కొందరు తలంతురు. విచారించి చూడుడు. ఆ పథకము క్రింద జరిగిన పనులలో చెరువుల పూడికతీత, నీటికుంటలు, కందకములు ముఖ్యమైనవి. ఒక ఘనమీటరు పూడిక తీసిన, వానలు కురిసినపుడు అచ్చట వేయి లీటర్ల నీరు నిలుచును. తీయకయే తీసితిమని వ్రాసిన, కాగితముపై మట్టి కదలును గాని చెరువులో నీరు చేరదు. నేడు దొంగలెక్క వ్రాసినవాడు రేపటి పంటను, మన మనుమల బావినీటిని అపహరించినవాడగును. తరతరములు నిలుచు అభివృద్ధి కావలెనన్న, దాని కొలత నేడే పదిమంది కంటబడవలెను.

ఫలింపని భాగము

సత్యము చెప్పవలెనన్న, తనిఖీలో బయటపడిన సొమ్ములో చాల భాగము తిరిగి రాబట్టబడలేదు. తప్పు చేసినవారిలో కఠినశిక్ష పొందినవారు స్వల్పము. దొంగపేర్లు పట్టుబడుచున్నవని తెలిసినచోట్ల, మోసము సామగ్రి బిల్లులలోనికి మారినది. కూలీ తన దినములను తాను లెక్కింపగలడు. సిమెంటు బిల్లును పరీక్షింపలేడు. కావున ఒకనాటి సభతో పని ముగియదు. సభ ముగిసిన పిమ్మట వెంబడించువారే లేకున్న, తీర్మానము పుస్తకములోనే నిద్రించును.

మనము చేయదగినది

మొదటిది, గ్రామసభకు పోవుట. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి స్త్రీయు, పురుషుడును దానిలో సభ్యులే. ఇంటినుండి ఒకరైనను పోవలెను. స్త్రీలు తప్పక పోవలెను.

రెండవది, కాగితము సంపాదించుట. సమాచార హక్కు చట్టము క్రింద పత్రములను చూడవచ్చును, నకళ్లు తీసికొనవచ్చును, పనిని పరిశీలింపవచ్చును, వాడిన సామగ్రి నమూనాను గూడ కోరవచ్చును. 2005లో మన రాష్ట్రమున చేసిన నియమముల ప్రకారము గ్రామస్థాయిలో దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. ముప్పది దినములలో సమాధానము రావలెను. రాకున్న పై అధికారికి అప్పీలు చేయవచ్చును.

మూడవది, చదువుకొన్నవారు చదువురానివారికి ఆ కాగితమును చదివి వినిపించుట. బడియైనను, మఠపు అరుగైనను, రచ్చబండయైనను ఇందుకు చాలును.

నాలుగవది, నిజము చెప్పినవారి ప్రక్కన నిలుచుట. ఒంటరిగా అడిగినవానిని బెదరింపవచ్చును. ఇరువదిమంది కలిసి అడిగిన ఆ పని సులభము కాదు.

ఐదవది, తీర్మానమును వెంబడించుట. ఎవరు, ఏ తేదీలోగా, ఏమి చేయుదుమనిరో వ్రాసి పెట్టుకొని, తరువాతి సభలో మొదట దానినే అడుగవలెను.

అడుగునపుడు కోపము వలదు. పార్టీపక్షము వలదు. మనవాడని విడుచుట, పరాయివాడని పట్టుట అసలే వలదు. మన బంధువు సర్పంచియైనపుడు లెక్క అడుగగలిగిననాడే మన అడుగుటకు విలువ కలుగును.

చట్టములు మారుచుండును. 2005 నాటి ఉపాధి చట్టమునకు బదులుగా 2025 డిసెంబరులో పార్లమెంటు మరియొక చట్టమును ఆమోదించినది. పథకము పేరు ఏదైనను, "ఆ జాబితా ఒకమారు చదివి వినిపింపుడు" అను మాట మాత్రము పాతబడదు. ఆ వృద్ధురాలు ఆ మాట పలుకుటకు మనకొఱకు వేచియుండలేదు. రాబోవు సభలో ఆమె లేచినపుడు, ప్రక్కన నిలుచుటకు మనమైనను ముందుగా పోవుదము.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున గడచిన సంవత్సరము జరిగిన పనులెవ్వి? వాని లెక్కలు ఎచ్చట చూడవచ్చును?
2. మన ఇంటినుండి గ్రామసభకు పోయినవారెవరు? పోనిచో కారణమేమి?
3. మన చెరువులో పూడిక తీసినది ఎన్నడు? తీసిన మట్టిని ఎవరు కొలిచిరి?