ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: స్నేహితులతో ఉద్దానం తీరానికి

వేసవి సెలవులు రాగానే స్నేహితులంతా కలిసి ఎటైనా రెండు రోజులు వెళ్లొద్దామన్న మాట మొదలవుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పలాస, టెక్కలి, బారువ వైపు బయల్దేరేవాళ్లవి, అక్కడ ఉంటూ స్నేహితుల్ని పిలుచుకునేవాళ్లవి. ఎక్కువమంది భయపడుతున్నది ఒకదానికి, జాగ్రత్త పడాల్సింది ఇంకొకదానికి.

ప్రశ్న: మేం ఆరుగురం కాలేజీ స్నేహితులం. మాలో ఒకడిది వజ్రపుకొత్తూరు మండలం. రాత్రి రైలెక్కి పలాసలో దిగి, రెండు రోజులు వాళ్లింట్లో ఉండి అక్కుపల్లి శివసాగర్ బీచ్ చూడాలనుకుంటున్నాం. అక్కడి నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని ఇంట్లో భయపెడుతున్నారు. నీళ్ల క్యాన్లు మోసుకెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా వెళ్లండి. మీ స్నేహితుడి మండలం ఉన్న ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి లోలోపల ముదిరేది. రెండు రోజులు నీళ్లు తాగినంత మాత్రాన వచ్చేది కాదు. నీటిలోని సిలికా, భార లోహాలు, ఎండలో ఒళ్లు వంచి చేసే పని, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యం... ఇలా చాలావాటి మీద అనుమానం ఉంది. ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ ఇంతవరకు తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని రైతుల్లో, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఇప్పుడు ఉద్దానంలోని ఏడు మండలాలకు హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం కూడా వచ్చింది.

కాచిన నీళ్లో, ఫిల్టర్ నీళ్లో తాగడం మంచిదే. కానీ అది కిడ్నీల కోసం కాదు, విరేచనాలు పట్టుకోకుండా ఉండటానికి. ఈ జాగ్రత్త ఏ ఊరు వెళ్లినా అవసరమే. నన్ను కలవరపెట్టేది వేరు. భయంతో నీళ్లు తాగడమే తగ్గించి, మే నెల ఎండలో ఇసుకలో క్రికెట్ ఆడేవాళ్లున్నారు. కిడ్నీకి ఆ రెండు రోజుల్లో చెడు జరిగితే ఆ దాహం వల్లే జరుగుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు ఎండలో తిరిగే రోజున రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు, ముదురు రంగులోకి మారితే చాలనట్టు. బాగా చెమట పడితే ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోండి. స్నేహితుడి అమ్మగారు చేతికిచ్చిన గ్లాసును అనుమానంగా చూడకండి.

పరీక్ష అవసరమైంది మీకు కాదు, అక్కడే పుట్టి పెరిగిన మీ స్నేహితుడికి. ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోమనండి. ఈ జబ్బు మొదట్లో ఏ బాధా ఉండదు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. అందువల్ల మూత్ర పరీక్ష ఒక్కటీ బాగుందని ఊరుకోకూడదు.

ప్రశ్న: ఆదివారం తెల్లవారుజామున మందస మీదుగా మహేంద్రగిరి ఎక్కి, సాయంత్రానికి తీరానికి రావాలని మా ప్లాన్. కాళ్ల నొప్పులు, తలనొప్పి వస్తాయని మా వాడొకడు డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు కొని పెట్టాడు. నాకు బీపీ ఉంది, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఒకటి రెండు వేసుకుంటే ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఆ స్ట్రిప్పులు ఇంట్లోనే వదిలెయ్యమనండి. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఎక్కి దిగేసరికి ఒంట్లో నీరు, ఉప్పు బాగా తగ్గుతాయి. అప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది. ఉన్న రక్తాన్నే లోపలికి రానివ్వడానికి కిడ్నీ తన రక్తనాళాన్ని వెడల్పు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు సరిగ్గా ఆ ఏర్పాటునే దెబ్బతీస్తాయి. కాలువలో నీళ్లు అడుగంటిన రోజునే తూము మూసేసినట్టు అవుతుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, దానికి తోడు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా వాడుతున్నవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇరవై ఏళ్ల కుర్రాడి కిడ్నీ ఒక మాత్రకు తట్టుకోవచ్చు. మీరు ఆ పందెం కాయకండి.

నొప్పికి పారాసిటమాల్ 500 లేదా 650 చాలు. రోజు మొత్తంలో మూడు గ్రాములు దాటకూడదు. మద్యం తాగే అలవాటున్నవాళ్లు ఇంకా తక్కువలో ఆపాలి. నొప్పి తగ్గలేదని దారిలో ఆర్ఎంపీ దగ్గర ఆగి ఇంజెక్షన్ చేయించుకోవద్దు. అందులో ఉండేది కూడా చాలాసార్లు ఇదే జాతి మందు. బీపీ మాత్ర మామూలుగానే వేసుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఆ పూట మాత్ర వేసుకోవాలా, ఆపాలా అని మీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: మా పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం బారువ తీరంలో పెట్టుకున్నాం. నాకు క్రియాటినిన్ 2.4 ఉంది. ఈ సంగతి వాళ్లెవరికీ చెప్పలేదు. కొబ్బరి బొండాలు, పనసపండు, జీడిపప్పు కూర, చేపలు, రాత్రికి మందు... అన్నీ ఉంటాయి. వెళ్లడం మానుకోమంటారా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మానుకోవద్దు. వెళ్లేముందు ఒక్క పరీక్ష చేయించుకోండి, రక్తంలో పొటాషియం. అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని సరిగ్గా బయటికి పంపలేదు. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆరోగ్యానికి మంచివని మనవాళ్లు కొసరి కొసరి పెట్టేవాటిలోనే అది ఎక్కువ. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాములు ఉంటుంది. పనస తొనల్లో, జీడిపప్పులో కూడా బాగానే ఉంటుంది. జీడిపప్పులో ఫాస్ఫరస్ కూడా ఎక్కువే. మీ రిపోర్టు 5 దాటితే బొండం, పనస ముట్టుకోవద్దు. లోపలే ఉంటే ఎంతవరకు తినొచ్చో మీకు వైద్యం చేసే డాక్టరే చెప్పాలి.

తాజా చేప మితంగా తినండి. ఎండుచేప, ఆవకాయ వద్దు, ఉప్పుతో బీపీ, వాపులు పెరుగుతాయి. ఉప్పు తగ్గించాలని పొటాషియం ఉప్పు కొనుక్కుంటారేమో, అది అసలే వద్దు. మొదటి జవాబులో చెప్పిన మూడు లీటర్ల లెక్క మీకు వర్తించదు. కాళ్ల వాపు, ఆయాసం లేకపోతే దాహం వేసినంత తాగండి. మద్యం మానండి.

జబ్బు సంగతి బయటపడితే ఇంట్లో పిల్లల పెళ్లి సంబంధాల దాకా చర్చ వెళ్తుందన్న భయం ఉద్దానంలో ఉంది. అందరికీ చెప్పనక్కర్లేదు. సమ్మేళనంలో మీ పక్కన ఉండే ఒక్క స్నేహితుడికి చెప్పండి. 'ఒక్క గ్లాసే కదరా' అని బలవంతపెట్టేవాళ్లను అతడే ఆపుతాడు. ఒళ్లు నొప్పులని ఎవరైనా మాత్ర చేతిలో పెట్టినా అతడే అడ్డుపడతాడు.

ప్రశ్న: మా స్నేహితుడికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరుగుతోంది. మూడు రోజుల సెలవులు కలిసొచ్చాయి, వాడిని సొంతూరు కవిటి తీసుకెళ్లాలని ఉంది. ఒక్కసారి డయాలిసిస్ మానేస్తే ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫర్వా ఉంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లకు కూడా వారంలో ఒకసారి రెండు రోజుల విరామం వస్తుంది. ఆ విరామం తర్వాతి రోజున మరణాలు, గుండె జబ్బులతో ఆసుపత్రిలో చేరికలు ఎక్కువని 32 వేల మందికి పైగా రోగులను పరిశీలించిన అమెరికా అధ్యయనం 2011లో చెప్పింది. మీరు ఆ విరామాన్ని ఇంకా పొడిగిస్తానంటున్నారు.

డయాలిసిస్ మాన్పించకుండానే అతణ్ని తీసుకెళ్లొచ్చు. కవిటి, సోంపేట, హరిపురం, పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డయాలిసిస్ ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయితే అక్కడ స్థానిక రోగులతోనే షిఫ్టులు నిండి ఉంటాయి. కనీసం రెండు వారాల ముందు ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోండి. చివరి డయాలిసిస్ చీటీ, పొడి బరువు (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) వివరం, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. అక్కడ ఖాళీ దొరక్కపోతే ప్రయాణాన్ని రెండు డయాలిసిస్‌ల మధ్యకు కుదించండి. మెడలో గొట్టం ఉంటే సముద్ర స్నానం వద్దు. డయాలిసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బ్యాగు తగిలించవద్దు. దారిలో ఆయాసం వచ్చినా, కాళ్లు పట్టు తప్పినట్టు అనిపించినా ఇల్లు చేరేదాకా ఆగకండి. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

క్లుప్తంగా...

ప్రశ్న: పిక్నిక్‌లో కానాగంతల పులుసు తిన్న అరగంటకే నలుగురికి ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దురద, తలనొప్పి. చేప పడలేదంటారా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నలుగురికీ ఒకేసారి వచ్చిందంటే అది ఎలర్జీ కాకపోవచ్చు. కానాగంత, సూర లాంటి చేపలను ఐసులో పెట్టకుండా ఉంచితే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం కాబట్టి ఈ రోజుల్లో తాజా సముద్రపు చేప తక్కువ, దూరం నుంచి వచ్చే సరుకు ఎక్కువ. దురదకు సెట్రిజిన్ పని చేస్తుంది. ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: జీడితోటలో మా పిల్లలు పచ్చి జీడిపిక్కలు కాల్చుకుని తినబోయారు. పెదవుల చుట్టూ, వేళ్ల మీద బొబ్బలు వచ్చాయి.
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వెంటనే సబ్బుతో బాగా కడగాలి. బొబ్బలు చిదపకూడదు. పండు తినాలంటే ముందు పిక్కను పెద్దవాళ్లే వేరు చేసి ఇవ్వాలి. పిక్కలు కాల్చేటప్పుడు పొగ కళ్లకు తగలకూడదు. కంటి దగ్గర వాపు వస్తే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: రెండు బీర్లు తాగి సముద్రంలో దిగితే ప్రమాదమా? మాకు ఈత వచ్చు.
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: చెరువు ఈత వేరు, సముద్రం వేరు. తాగినవాడికి లోతు అంచనా, చలి, అలసట ఏవీ తెలియవు. మద్యం ముట్టినవాళ్లు ఆ రోజుకు నీళ్లలో దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. మునిగినవాణ్ని బయటికి తెస్తే తలకిందులు చేయడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే నోటితో రెండు శ్వాసలు ఇచ్చి, ఛాతీ మీద 30 సార్లు నొక్కి, మళ్లీ రెండు శ్వాసలు, ఇలా కొనసాగించాలి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లో చేరిన నీటి దెబ్బ కొన్ని గంటల తర్వాత కూడా బయటపడుతుంది. ప్రతి జట్టులో ఒకరు తాగకుండా ఒడ్డున ఉండాలి. అతడి పేరు బయల్దేరేముందే ఖాయం చేసుకోండి.