యాభై ఏళ్ల కారు కొనేముందు

నిగనిగలాడే ఎర్ర అంబాసిడర్. వెడల్పు టైర్లు, అల్లాయ్ చక్రాలు, బానెట్ కింద వేరే కంపెనీ డీజిల్ ఇంజను. "వింటేజ్ సార్, మళ్లీ దొరకదు" అంటాడు అమ్మేవాడు. చెప్పే ధరా అలాగే ఉంటుంది. కానీ కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం అది వింటేజ్ కాదు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు నిండాలి. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు ఉండకూడదు. ఏ హంగులు చూపి ఎక్కువ అడుగుతున్నాడో ఆ హంగులే బండికి ఆ హోదా లేకుండా చేశాయి.

చేయవలసినవి

ముందు కాగితాలు చూడండి, రంగు సంగతి తర్వాత. ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీయే లెక్క. 1980లో రిజిస్టరైన పద్మిని 2030 దాకా ఆగాల్సిందే.

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలో, కొత్త వెల్డింగో కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. సైన్యం అమ్మేసిన డిస్పోజల్ జీపుల దగ్గర ఇది మరీ అవసరం. రెండు జీపుల ముక్కలు కలిపి ఒకటి కట్టడం మన షెడ్లకు కొత్తేమీ కాదు.

చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. తలుపుల అడుగున, చక్రాల పైన ఎక్కడైనా అంటుకోకపోతే అక్కడ రేకు తక్కువ, లప్పం ఎక్కువ.

బ్రేకుల దగ్గర తొందర వద్దు. పాత బండ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ వెళ్లే దారి ఒక్కటే. ఒక చక్రం దగ్గర లీకైతే నాలుగింటికీ బ్రేకు పోతుంది. రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండర్ కిట్ మార్పించాకే రోడ్డెక్కండి. పెట్రోలు పైపులూ మార్పించండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు ఆనాటి రబ్బరు తట్టుకోదు. టైరు అరగలేదని మురిసిపోకండి, పక్కనున్న నాలుగంకెలు చదవండి. 3212 అని ఉంటే 2012లో 32వ వారం తయారైనదని.

బండికి అర్హత ఉంటే ఫారం 20, ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీతో దరఖాస్తు చేయండి. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి 5,000. ఇప్పటికే నంబరున్న బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. చేతులు మారితే అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ 90 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి.

చేయకూడనివి

పాత డ్రమ్ము బ్రేకుల మీద పెద్ద ఇంజను ఎక్కించకండి. బండి పరుగు పెరుగుతుంది, ఆగే శక్తి మాత్రం అప్పటిదే. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. మార్పు సంగతి దాచిపెట్టి కట్టిన ఇన్సూరెన్స్, ప్రమాదం జరిగిన రోజు అక్కరకు రాకపోవచ్చు.

వింటేజ్ నంబరున్న కారులో రోజూ ఆఫీసుకు పోకండి. పెళ్లి ఊరేగింపుకు అద్దెకూ ఇవ్వకండి. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే దానికి రోడ్డు మీద అనుమతి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా వెల్డింగ్ చేయనివ్వకండి. లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. పాత బ్రేకు షూల దుమ్మును ఎయిర్ కొట్టి ఊదకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

బేరానికి వెళ్లే రోజు ఆ తరం బండ్లు విప్పి బిగించిన ముసలి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన బానెట్ ఎత్తి పెదవి విరిచాడంటే, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చేయండి.