కథలలోని మనుష్యులు: ఒక ప్రక్క కనబడువారు, చుట్టు తిరిగి చూడవలసినవారు



యాకోబు మంచివాడా, చెడ్డవాడా అని సండేస్కూలు పిల్లలు తరచుగా అడుగుదురు. ఉపాధ్యాయులు కొందరు “మంచివాడే, దేవుడు ఏర్పరచుకొన్నవాడు గదా” అని చెప్పి ముందుకు సాగిపోవుదురు. పిల్లవాడు ఊరకుండును గాని, చూపు లేని తండ్రిని మోసపుచ్చినవాడు మంచివాడెట్లగునను సందేహము వాని మనస్సులో మెదలుచునే యుండును. ఈ చిక్కు వేదపాఠమునకు మాత్రమే సంబంధించినది కాదు. కథలలో కనబడు మనుష్యులను ఎట్లు చదువవలెనను ప్రశ్న ఇది. సాహిత్యము బోధించువారు ఈ విషయమును పాత్రల రకములు అను పేరుతో చెప్పుదురు. ఈ నెల పాఠములో దానినే కొంచెము చూతము. ఇది కష్టమైన శాస్త్రమేమియు కాదు. పొలము పని ముగించుకొని వచ్చి పత్రిక తెరచువారికి కూడ తేటగా బోధపడును.

మనుష్యులను రకములుగా విభజించుట మిక్కిలి పాత అలవాటు. అరిస్టాటిలు శిష్యుడైన థియోఫ్రాస్టసు అను గ్రీకు పండితుడు క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున 30 రకముల మనుష్యులను గూర్చి చిన్న చిన్న వర్ణనలు వ్రాసెను. ముఖస్తుతి చేయువాడొకడు, వదరుబోతు ఒకడు, పిసినారి ఒకడు. ఒక్కొక్కనికి ఒక్క గుణమే. మన దేశములో అలంకార శాస్త్రజ్ఞులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు తరగతులు చేసిరి. ఓరుగంటిలో కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున విద్యానాథుడు ఆ రాజునే ఉదాహరణముగా నిలిపి సంస్కృతమున ఒక అలంకార గ్రంథము రచించెను. రాజు కొలువులో నుండి రాజునే నాయకుని చేసి వ్రాయునప్పుడు ఆ నాయకునియందు దోషము కనబడకపోవుట వింత కాదు!

ఇటీవలి కాలపు విభజన వేరొక విధముగా నున్నది. ఇ. ఎమ్. ఫార్స్టరు అను ఇంగ్లీషు నవలా రచయిత 1927లో కేంబ్రిడ్జిలో ఉపన్యాసములు చేయుచు, కథాపాత్రలలో కొన్ని చదునైనవనియు, కొన్ని గుండ్రనివనియు చెప్పెను. తోలుబొమ్మలాట చూచినవారికి ఈ మాట వెంటనే అర్థమగును. తెరమీద బొమ్మ ఎంత గంతులు వేసినను దానికి ఒక ప్రక్కయే గాని వెనుక ప్రక్క లేదు. కేతిగాడు వచ్చెననగానే, వాడు నోరు తెరువకముందే మనము నవ్వుట మొదలుపెట్టుదుము. వాడేమి చేయునో మనకు ముందే తెలియును, తెలిసినందువలననే సంతోషము. చదునైన పాత్ర ఇట్టిది. గుండ్రని పాత్ర అట్లు కాదు. అది చుట్టు తిరిగి చూడవలసినది. ఫార్స్టరు దానికొక పరీక్ష చెప్పెను: ఆ మనుష్యుడు మనలను ఆశ్చర్యపరచవలెను, ఆ ఆశ్చర్యము నమ్మదగినదిగా కూడ నుండవలెను. ఆశ్చర్యము లేనియెడల అది చదునైనదే. ఆశ్చర్యముండి నమ్మకము కలుగనియెడల, చదునైన బొమ్మకు గుండ్రని వేషము వేసినట్లే.

మారు పాత్రలు, మారని పాత్రలు అని మరియొక విభజన కూడ కలదు. ఈ రెండింటిని చాలమంది ఒకటిగా కలిపివేయుదురు. అది సరికాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చూడుడి. ఆ నాటకము 1892లో మొదట ఆడబడి, 1897లో అచ్చుపడి, 1909లో ఎంతో మార్పుతో రెండవ కూర్పుగా వచ్చినది. అందులో లుబ్ధావధాన్లు పేరులోనే లోభమున్నది, అగ్నిహోత్రావధాన్లు పేరులోనే నిప్పున్నది. పేరు వినగానే మనిషి తెలిసిపోవును. గిరీశము అట్లు కాదు. శిష్యుడైన వెంకటేశముతో ఒక విధముగా, బుచ్చమ్మతో మరియొక విధముగా, మధురవాణి యెదుట ఇంకొక విధముగా మాటలాడును. ఎంత చుట్టు తిరిగి చూచినను అతనియందు క్రొత్తది కనబడుచునే యుండును. కాని అతడు మారినాడా? లేదు. ఎదుటివారిని బట్టి మాట మారెను గాని మనిషి మారలేదు. మధురవాణి సంగతి గమనించుడి. ఆమె వృత్తిని బట్టి లోకము ఆమెకొక చీటీ అంటించినది. అయితే చివరకు, హత్యానేరము మీద పడిన ముసలి లుబ్ధావధాన్లను విడిపించుటకు, వేశ్యలను దగ్గరకు రానీయని సౌజన్యారావు పంతులు ఎదుటికి మగవేషముతో వెళ్లి నిజము బయటపెట్టినది ఆమెయే. ఫార్స్టరు పరీక్షలో ఈమె సంపూర్ణముగా నెగ్గునని నా అభిప్రాయము.

చదునైన పాత్ర అనగానే తక్కువరకపుదని తలంపవద్దు. మన ఇండ్లలో అనేకులకు పరిచయమైన బన్యనుగారి యాత్రికుని ప్రయాణములో దాదాపు అందరును అట్టివారే. ఆ గ్రంథము మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడినవి. అందులోని పేర్లు పేర్లు కావు, గుణములు. రెండవ భాగములో భయస్థుడను ఒక యాత్రికుని కథ వచ్చును. గడ్డిపోచ అడ్డమువచ్చినను అతడు భయపడును. నిరాశ అను ఊబి యొద్ద నెల దినములు ఏడ్చుచు పడియుండెను. ఐతే కష్టమను కొండ యెక్కుటకు అతడు జంకలేదు, సింహములను చూచి వెనుదీయలేదు, మాయసంతలో అందరితోను పోరాడునంత పౌరుషము చూపెను. అతని భయమంతయు తుదకు తన్ను చేర్చుకొందురో లేదో అను ఒక్క విషయమును గూర్చినదే. కడపటి నది యొద్దకు వచ్చినప్పుడు నీళ్లు ఎన్నడును లేనంత తక్కువగా నుండి, అతడు పాదములు తడియుట తప్ప ఎక్కువ శ్రమ లేకుండ దాటిపోయెను. ఒక్క గుణమే యిచ్చి, ఆ గుణమునకే ఇంత లోతు చూపించుట బన్యనుగారికి చేతనైనది. మరణపడకల యొద్ద కూర్చుండిన ఏ కాపరియైనను ఈ భయస్థుని ఎరుగును.

చదునైన పాత్రలకు మరియొక బలము కలదు. వారిని గూర్చి మనము త్వరగా తీర్పు చెప్పగలము. నాతాను ప్రవక్త ఈ సంగతి బాగుగా ఎరిగినవాడు. 2 సమూయేలు 12వ అధ్యాయములో అతడు దావీదునకు చెప్పిన కథలో ఒక ధనవంతుడు, ఒక దరిద్రుడు, ఒక ఆడు గొఱ్ఱెపిల్ల. ధనవంతునికి పేరు లేదు, తండ్రి లేడు, ఊరు లేదు. వాడు ఎందుకట్లు చేసెనో కథ చెప్పదు. అందువలననే దావీదు కోపము రగులుకొని ఒక్క క్షణములో వానికి మరణము విధించెను. ఆ కథలో నాతాను ధనవంతుని మనస్సును, అతని చిన్ననాటి కష్టములను, అతని దుఃఖములను వర్ణించియుండినయెడల దావీదు తప్పక ఆలోచనలో పడి, వానికేదో కారణముండవచ్చునని యుండును. అప్పుడు ఊరియా సంగతి ఎత్తుటకు నాతానుకు దారి యుండెడిది కాదు. ఒక గుణము మాత్రమేగల బొమ్మను చూపించి, అనేక గుణములుగల రాజును పట్టుకొన్నాడు.

ప్రభువు ఉపమానములలో కూడ మనుష్యులకు సామాన్యముగా పేర్లుండవు. పేరు గలవాడు లూకా 16వ అధ్యాయములోని లాజరు ఒక్కడే. విత్తువాడు, యజమానుడు, దాసుడు, యాజకుడు, లేవీయుడు, వీరందరు రకములు. యాజకుడు వచ్చెను, లేవీయుడు వచ్చెను అనగానే, మూడవవాడు సామాన్యుడైన ఇశ్రాయేలీయుడై యుండునని యెదుటివారు తలంచియుందురు. వచ్చినవాడు సమరయుడు. సమరయుడు అను మాట వారికి ఒక చీటీ. ఆ చీటీ అంటించినవారి చేతనే వాని మంచితనమును ఒప్పించిన నేర్పు అక్కడ కలదు.

పోలికకై ప్రక్కన నిలుపబడు పాత్రలను గూర్చి ఒక్క మాట చాలును. రూతు ప్రక్కన ఓర్పా యున్నది. బోధకులు కొందరు ఓర్పాను ద్రోహిగా చిత్రించుదురు. గ్రంథము ఆమెను ఎక్కడను నిందించలేదు. ఆమె ఏడ్చెను, అత్తను ముద్దుపెట్టుకొనెను, అత్త చెప్పినట్లే తిరిగిపోయెను. అందరు కోడండ్రు చేయునదే ఆమె చేసెను. రూతు చేసినది అసాధారణమని తెలియుటకే ఓర్పా అక్కడ నిలిచినది.

ఇప్పుడు యాకోబు యొద్దకు వత్తము. పిల్లవానికి మంచివాడనియు చెప్పవద్దు, చెడ్డవాడనియు చెప్పవద్దు. కథను కడవరకు చెప్పుడి. మేకపిల్లల చర్మము చేతులకు కట్టుకొని చూపు మందగించిన తండ్రిని మోసగించినవాడు యాకోబు. పెండ్లిరాత్రి రాహేలుకు బదులుగా లేయాను పొంది తానే మోసపోయినవాడు కూడ యాకోబే. అతడు ముసలివాడైన పిమ్మట కుమారులు మేకపిల్లను చంపి, ఆ రక్తములో యోసేపు అంగీని ముంచి తెచ్చి చూపించిరి. మేకపిల్లతో మోసము చేసినవానికి మేకపిల్లతోనే మోసము! కథకుడు ఈ సంగతిని ఎత్తి చూపడు, మనమే చూడవలెను. కడపట ఆదికాండము 48లో యాకోబుకును చూపు మందగించెను. యోసేపు కుమారులిద్దరు ఎదుట నిలువగా అతడు చేతులు మార్చి చిన్నవాని తలమీద కుడిచేయి ఉంచెను. యోసేపు సవరింపబోగా, తెలిసియే చేయుచున్నానని చెప్పెను. చూపు లేని తండ్రి, చిన్నవానికి ముందు ఆశీర్వాదము, అంతయు వెనుకటివలెనే యున్నది, మోసము మాత్రము లేదు. ఏశావును కూడ మరువరాదు. కూర కొరకు జ్యేష్ఠత్వము అమ్ముకొన్నవాడని అతనిని తీసివేయుదుము గాని, 33వ అధ్యాయములో పరుగెత్తివచ్చి తమ్ముని మెడమీద పడి ఏడ్చినవాడు అతడే. యాకోబే ఆశ్చర్యపడెను.

మారు పాత్రకు నాకు తెలిసినంతలో యాకోబు కుమారుడైన యూదాకు మించిన ఉదాహరణ పాతనిబంధనలో అరుదు. తమ్ముని చంపుటవలన లాభమేమి, అమ్మివేయుదమని చెప్పినవాడు అతడే. 20 తులముల వెండికి బేరము కుదిరినది. తరువాతి 38వ అధ్యాయమును మన సండేస్కూళ్లలో దాటివేయుట అలవాటు. అందులోని సంగతులు పిల్లలకు తగినవి కావనుట నిజమే. కాని పెద్దల తరగతిలో దానిని విడిచిపెట్టినచో యూదా కథకు నడుము విరిచినట్లే. అక్కడ అతడు ఇద్దరు కుమారులను పోగొట్టుకొనెను. మూడవవాడును చచ్చునేమోయని భయపడి కోడలైన తామారుకు అన్యాయము చేసెను. ఆమెకు కుదువగా ఇచ్చిన తన ముద్రయు దారమును కఱ్ఱయు తిరిగి తన యెదుటికే వచ్చినప్పుడు, ఆమె నాకంటె నీతిమంతురాలని అందరియెదుట ఒప్పుకొనెను. అతడు తన్ను గూర్చి సత్యము పలికినట్లు మనము వినుట అదే మొదటిసారి.

తరువాత కరవు వచ్చినది. బెన్యామీనును ఐగుప్తుకు పంపుటకు యాకోబు ఒప్పుకొనడు. రూబేను ముందుకు వచ్చి, నేను తిరిగి తీసికొనిరానియెడల నా ఇద్దరు కుమారులను చంపుమనెను. మనుమలను చంపుకొని తాతకేమి ఓదార్పు? యూదా అట్లనలేదు. తానే పూటపడెను. హెబ్రీ భాషలో తామారుకు ఇచ్చిన కుదువకును, ఇక్కడ పూటపడుటకును ధాతువు ఒక్కటే. అక్కడ వస్తువులు కుదువ పెట్టినవాడు ఇక్కడ తన్నుతానే పెట్టుకొనెను. బిడ్డను పోగొట్టుకొనుట ఎట్టిదో ఎరిగినవాడు గనుక ఆ మాట అతని నోట నమ్మదగినదిగా నున్నది. 44వ అధ్యాయములో యోసేపు ఎదుట నిలిచి, ఈ చిన్నవానికి బదులుగా నన్ను దాసునిగా ఉంచుకొమ్మని వేడుకొనెను. అప్పటికి యోసేపును అమ్మి సుమారు 22 సంవత్సరములైనది. ఆ మనవిలో ఒక సంగతి గమనింపదగినది. తండ్రికి రాహేలు కుమారులమీదనే ప్రేమ యెక్కువ అను సంగతిని యూదా దాచలేదు. ఒకప్పుడు అన్నలకు పగ పుట్టించినది ఆ ప్రేమయే. తండ్రి మారలేదు, ఆ పక్షపాతము ఇంకను అట్లే యున్నది. దానినే కారణముగా చూపి యూదా ఇప్పుడు తమ్ముని కొరకు బ్రతిమాలుచున్నాడు.

ఈ పాఠము పుస్తకములతో ముగిసిపోవునది కాదు. ఒక సంఘములో ఒక సహోదరుని ఊరంతయు ‘కల్లుకుండ’ అని పిలుచును. అతడు కల్లు మాని ఏడు సంవత్సరములు దాటినది. అతని పిల్లలను కూడ ‘కల్లుకుండగాని పిల్లలు’ అనియే అందురు. పెద్దల ఎన్నికలో అతని పేరు వచ్చినప్పుడు, “వాడా? వాని సంగతి మనకు తెలియనిదా?” అని ఒకరనిరి. కూటములో కొందరు నవ్విరి. అతడు వెనుక వరుసలోనే కూర్చుండియుండెను. పేరు అక్కడితో ఆగిపోయినది. మరల ఎవరైన ఎత్తుదురేమో చూడవలెను. కేతిగానిని చూచి నవ్వుటలో దోషము లేదు, వానికి వెనుక ప్రక్క లేదు గనుక. ఈ మనిషికి భార్య కలదు, పిల్లలు కలరు, తెల్లవారుజామున లేచి చేయు ప్రార్థన కలదు.

లూకా 15వ అధ్యాయములో పెద్దకుమారుడు చేసినదియు ఇదే. పొలమునుండి వచ్చి, ఇంట వాద్యములు విని, లోపలికి పోనొల్లక బయట నిలిచెను. తండ్రితో మాటలాడుచు ‘నా తమ్ముడు’ అనలేదు, ‘నీ కుమారుడు’ అనెను. వాడు ఆస్తి ఎవరితో పాడుచేసెనో అదియొకటే వాని గుర్తుగా చెప్పెను. చదునైన బొమ్మ! తండ్రి జవాబులో మాత్రము ‘నీ తమ్ముడు’ అని సవరించెను. ఆ పిమ్మట పెద్దవాడు లోపలికి వెళ్లెనా? మా పెద్దల తరగతిలో దీనిమీద చాలసేపు వాదము జరిగినది. పౌరుషము గలవాడు, వెళ్లియుండడని కొందరనిరి. తండ్రి బయటికి వచ్చి బ్రతిమాలిన తరువాత ఎట్లు నిలువగలడని ఒక వృద్ధురాలనెను. కథ చెప్పలేదు.

వచ్చే నెల తరగతికి వచ్చువారు ఆదికాండము 37 నుండి 45 వరకు ఇంటివద్ద చదివి రావలెను. 38వ అధ్యాయమును దాటవద్దు.