ఉన్నత పాఠశాలలో సామాజిక వ్యవస్థాపకత: నారు లెక్కతో బోధన

సమాజానికి అవసరమైన పనిని, దాని ఖర్చు అదే రాబట్టుకొనే విధంగా నిర్వహించడమే సామాజిక వ్యవస్థాపకత. ఉన్నత పాఠశాల విద్యార్థులకు దీనిని బోధించేటప్పుడు సేవాభావం గురించి ఎక్కువగానూ, లెక్క గురించి తక్కువగానూ చెప్పడం పరిపాటి. గతంలో నా పర్యవేక్షణలోనే ఒక పాఠశాలలో నెలకొల్పిన వర్మికంపోస్టు తొట్లు, ఆ తరగతి వెళ్ళిపోయిన మరుసటి ఏడే ఎండిపోయాయి. విద్యార్థుల శ్రమను మేము ఖర్చుగా రాయలేదు. పుస్తకంలో కనిపించిన లాభం నిజానికి వారి కూలి.

పెరటి తోటలకు కూరగాయల నారు అందించే పనిని పాఠంగా తీసుకొనవచ్చు. 98 గుంతల ప్రోట్రేలు పదింటిలో కొబ్బరిపొట్టు నింపి టమాట విత్తారనుకొందాం. సామగ్రి ఖర్చు 600 రూపాయలు, అమ్మకానికి పనికివచ్చే మొక్కలు 800 అనుకొంటే, మొక్క రూపాయి చొప్పున 200 రూపాయలు మిగిలినట్లు విద్యార్థులు సంతోషిస్తారు. రోజుకు అరగంట చొప్పున 25 రోజుల పనిని గంటకు 40 రూపాయలుగా లెక్కిస్తే 500 రూపాయలు. అనగా 300 రూపాయల నష్టం. విద్యార్థులకు కూలి చెల్లించాలని కాదు, ఆ శ్రమ లెక్కలో కనబడాలని మాత్రమే నా అభిప్రాయం.

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. ధరను అందరికీ 1 రూపాయి 38 పైసలకు పెంచితే ఖర్చు తీరుతుంది కాని, ఎవరి కోసం ఈ పని తలపెట్టామో ఆ పేద కుటుంబాలే వెనుకాడవచ్చు. 500 మొక్కలను కొనగలిగినవారికి 1 రూపాయి 60 పైసలకు, 300 మొక్కలను పేద కుటుంబాలకు రూపాయికి ఇస్తే సరిగ్గా 1,100 రూపాయలు వస్తాయి. ఈ పరిష్కారాన్ని ఉపాధ్యాయుడు ముందుగా చెప్పరాదు. విద్యార్థులే కాగితంపై కనుగొన్న తరువాత, 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రిని పరిచయం చేయాలి. రుసుము చెల్లించే రోగుల ఆదాయంతో పేదలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేయడం అక్కడి పద్ధతి.

గ్రామాలలో బస చేసే వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు ఈ పాఠాన్ని చక్కగా నిర్వహించగలరు. అయితే నారు ఆగదు. టమాట సుమారు 25 రోజులకు, మిరప 35-40 రోజులకు నాటుకు సిద్ధమవుతాయి. దసరా, సంక్రాంతి సెలవులు ఆ రోజులలో వస్తే నీరు పోసేవారికి కూలి ఇవ్వవలసి ఉంటుంది. ఆ మొత్తాన్ని విత్తనం వేయకముందే ధరలో చేర్చాలి.