మాయాబజారు చిత్రమున కథాశిల్ప పరిభాష

విద్యార్థులారా! రసమనగా నేమి యని యడిగినచో మీలో పలువురు తడబడక నిర్వచనము నప్పగింతురు. ఆ రసము మీరు చదివిన పాఠమున నెచ్చట నున్నదో చూపుమనినచో తల వంచుకొందురు. పరీక్షాపత్రములు దిద్దునపుడు మేమీ వింతను ఏటేట చూచుచునే యున్నాము. ఉలి పేరు కంఠస్థము చేసి, దానిని చేతబట్ట నెఱుగని వడ్రంగివంటి దీ చదువు. కావున ఈ యేడు గ్రంథమును కొంతసేపు మూసి, మీ రందఱు నెఱిగిన కథనే పట్టుకొంటిమి. అది 1957లో విజయా సంస్థవారు నిర్మింపగా కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన 'మాయాబజార్' చిత్రము. 2010లో రంగులద్దుకొని మరల వచ్చుటచే మీ తరమువారికిని అది క్రొత్త కాదు.

కథకు ఆధారమైన విషయమునకు వస్తువని పేరు. ధనంజయుడు దశరూపకమున దానిని మూడు తెగలు చేసెను. ఇతిహాసాదులనుండి గ్రహించినది ప్రఖ్యాతము, కవి స్వయముగా కల్పించినది ఉత్పాద్యము, రెండును గలసినది మిశ్రము. భారతకథ గనుక మాయాబజారు ప్రఖ్యాతమని మీరు తొందరపడుదురు. కాని వ్యాసభారతమున అభిమన్యుడు పెండ్లాడినది విరాటరాజు కూతురగు ఉత్తరను. బలరాముని కూతురు శశిరేఖ అందు లేనే లేదు. ఆమె జనులు చెప్పుకొన్న కథలనుండి, నాటకములనుండి వచ్చినది. పాత్రలు పాతవి, పెండ్లి క్రొత్తది. కావున నిది మిశ్రము.

ఈ చిత్రమున పాండవు లైదుగురిలో ఒక్కడైనను తెరమీద కానరాడు. వారు రాజ్యము గోల్పోవుటచేతనే గదా బలరాముని యింట సుభద్రకిచ్చిన మాట తప్పినది! అంతటి సంగతియు మనకు ఇతరుల మాటలవలననే తెలియును. ఇట్లు చూపక తెలుపబడు దానిని సూచ్య మందురు. యుద్ధము, మరణము, రాజ్యభ్రంశము మున్నగువానిని రంగముపై ప్రత్యక్షముగా చూపవలదని భరతుడు విధించియున్నాడు. ఆ జూదమును విపులముగా చూపియున్నచో, దాని దుఃఖము ముందర శశిరేఖ పెండ్లి వెలవెలబోయి యుండెడిది.

ప్రియదర్శిని యను పెట్టెను జ్ఞాపకము చేసికొనుడు. దానిని తెఱచినవారికి తమ మనసునకు ప్రియమైనది అందు కనబడును. బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు కనబడిరి. ఎవరెట్టివారో యొక్క మాటయైన చెప్పకయే తెలిసిపోయినది. పాత్రచిత్రణ మన నిదియే. శశిరేఖ చూచినది కథకు బీజము. మొదట స్వల్పముగా తోచి, పిమ్మట పలువిధముల విస్తరించునది బీజము. ఇక కృష్ణునికి కనబడినవాడు శకుని! ఈ ముడిని మేము విప్పము, మీరే యోచింపుడు.

ఇప్పుడు పెండ్లిపందిరికి వత్తము. ఘటోత్కచుడు శశిరేఖను ఎత్తుకొనిపోయి, తానే యామె రూపము దాల్చి వచ్చినాడు. సావిత్రిగారు ఆ రాక్షసుని నడకను, మీసము దువ్వు వాలకమును తెచ్చుకొని నటించిన తీరు నెవరు మఱతురు? మాయాశశిరేఖ కాలు తొక్కగా లక్ష్మణకుమారుడు విలవిలలాడును. అతనికి తెలియని నిజము మనకు తెలియును. ఈ యెడమునకే నాటకీయ వ్యంగ్యమని పేరు. (అలంకారశాస్త్రమున ధ్వనిని గూర్చి చెప్పు వ్యంగ్యము వేఱు, రెంటిని కలగలుపకుడు.) అచ్చట వరునికి కలుగునది భయము, మనకు కలుగునది హాసము. ఆ హాసమే స్థాయిభావము, లక్ష్మణకుమారుడు ఆలంబనము, అతని సింగారము, బడాయి ఉద్దీపనములు. పాత్ర భయపడినంత మాత్రమున అది భయానకరసము గాదు. రసమును తెరమీది వానిలో గాక చూచువానిలో వెదకవలెను. నిర్వచనము వల్లించు బాలుడు తప్పుచున్న దిచ్చటనే.

సినిమాను బడిలోనికి తెచ్చితి రేమని మన సంఘపు పెద్దలు కొందఱు మమ్ము మందలించిరి. వారి భయము నిష్కారణము గాదు. కాని బాలురు దానిని సెల్‌ఫోనులో రేయింబవళ్లు చూచుచునే యున్నారు. తన కన్నీరు ఏ యుపాయముచే తెప్పింపబడినదో యెఱుగని బాలుని ఎవడైనను ఏడిపింపవచ్చును, ఎటువైపునకైనను నడిపింపవచ్చును. మన ప్రభువు సైతము విత్తువానిని, వలను, పోయిన నాణెమును పట్టుకొనియే బోధించెను గదా.

రెండవ సమూయేలు పండ్రెండవ అధ్యాయము తెఱచి చూడుడు. పెక్కు మందలు గల ధనికుడు పేదవాని యొక్క గొఱ్ఱెపిల్లను పట్టి తన యతిథికి వండించిన కథను నాతాను చెప్పగా, దావీదు మండిపడి శిక్ష విధించును. ఊరియా భార్యను చేర్చుకొన్న తన సంగతియే యది యని రాజునకు తెలియదు, చదువరికి తెలియును. పెండ్లిపందిరి యందు మనలను నవ్వించిన యుపాయమే యిచ్చట గుండె ఝల్లుమనిపించుచున్నది. ఉపాయ మొకటియే యైనను రసము మాఱినది. ఎందుచేత? లక్ష్మణకుమారునికి పోవునది పెండ్లి మాత్రమే. ఇచ్చట ఊరియా ప్రాణమే పోయియున్నది.

సెలవులలో ఒక పుట వ్రాసి తెండు. నాతాను కథ చెప్పుటకు బదులు ప్రియదర్శిని పెట్టెను దావీదు చేతి కిచ్చియున్నచో, రాజు అందేమి చూచియుండును? అప్పుడు నాటకీయ వ్యంగ్యము నిలుచునా, నిలువదా? కారణము తప్పక వ్రాయుడు.