పక్కే అడవిలో పక్షి పండుగ



కిందటి ఆదివారం మన హాస్టల్ వెనక చింతచెట్టు కింద ఒక గోరింక చచ్చి పడి ఉంది. ఉండేలు దెబ్బ. ఎవరు కొట్టారని వార్డెన్ సార్ అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ అడగను. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా నిక్కరు జేబులో పెన్సిలు లేకపోయినా ఉండేలు మాత్రం ఉండేది. అందుకే ఈ గోడపత్రికకు అడవి మీద పాఠం రాయమని సైన్సు మాస్టారు చెప్పినప్పుడు, వేట తెలిసిన చేతులే పక్షికి కాపలా కాసిన ఒక చోటు గురించి రాద్దామనిపించింది.

ఆ చోటు పేరు పక్కే. పేరు చూసి మన పక్కనే అనుకునేరు! అది అరుణాచల్ ప్రదేశ్‌లో అస్సాం సరిహద్దును ఆనుకుని ఉన్న అడవి. విస్తీర్ణం సుమారు 862 చదరపు కిలోమీటర్లు. తూర్పున పక్కే నది, పడమర కామెంగ్ నది పారుతాయి. 1977లో దాన్ని అభయారణ్యం చేశారు, 2002లో పులుల సంరక్షణ కేంద్రం చేశారు. దాని చుట్టుపక్కల ఊళ్ళలో ఉండేది ఎక్కువగా నిషి తెగ వాళ్ళు. అరుణాచల్‌లో అందరికంటే పెద్ద తెగ వాళ్ళదే. మన పెద్దల్లాగే కొండల మీద పోడు చేసేవాళ్ళు, అడవిలో వేటాడేవాళ్ళు.

అభయం అంటే భయం లేకపోవడం అని తెలుగు వాచకంలో చదివాం. జంతువులకు భయం లేదు సరే, మరి అడవి అంచున ఉన్న ఊరోళ్ళకు? అభయారణ్యం అనగానే మన పెద్దవాళ్ళకు ముందు గుర్తొచ్చేది బోర్డు, ఆ తర్వాత గార్డు. కట్టెలకు పోతే ఏమంటారో అన్న బెరుకు. పక్కేలో కూడా కాపలా వాళ్ళకీ ఊరోళ్ళకీ మధ్య అలాంటి దూరమే ఉండేది. ఆ దూరం ఎలా తగ్గిందో చెప్పాలంటే ముందు ఒక పక్షి గురించి చెప్పాలి.

దాని పేరు గ్రేట్ హార్న్‌బిల్. అరుణాచల్ రాష్ట్ర పక్షి అదే. మీటరు పొడవుంటుంది. పెద్ద పసుపుపచ్చ ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఒక దిమ్మ. ఎగురుతుంటే రెక్కల చప్పుడు చాలా దూరం వినిపిస్తుందంట. ఇదంతా ఒక ఎత్తు, అది పిల్లల్ని పెంచే పద్ధతి ఒక ఎత్తు. సైన్సు పుస్తకంలో ఇది లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మార్చి వచ్చేసరికి ఆడపక్షి పెద్ద చెట్టు తొర్ర ఒకటి చూసుకుని లోపలికి దూరుతుంది. అక్కడ ఎక్కువగా భేలు అనే పెద్ద చెట్ల తొర్రల్లో గూడు పెడతాయి. లోపల కూర్చుని, తన రెట్టతో, పళ్ళ గుజ్జుతో ఆ తొర్ర నోటిని తానే మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సన్న చీలిక ఒక్కటే వదులుతుంది. పాములూ మరే జంతువులూ రాకుండా ఆ జాగ్రత్త. లోపల ఉండగానే రెక్కల ఈకలు కూడా రాల్చుకుంటుంది, అంటే కావాలన్నా ఎగరలేదు. ఇక తిండంతా మగపక్షి తేవలసిందే. అది మర్రి, జువ్వి జాతి పళ్ళు మింగి వచ్చి, చీలిక దగ్గర వాలి, ఒక్కొక్క పండే కక్కి ఆడదాని ముక్కుకు అందిస్తుంది. పిల్ల పుట్టాక ఇద్దరికీ తేవాలి. మొత్తం మీద దాదాపు నాలుగు నెలలు ఇదే పని. ఇంత చేస్తే చివరికి బయటికి వచ్చేది మామూలుగా ఒక్కటే పిల్ల.

ఇప్పుడు ఆలోచించండి. ఏప్రిల్ నెలలో ఎవరో ఒక మగపక్షిని కొట్టారు. కొట్టినవాడికి కనిపించేది ఒక్క పక్షే. కానీ అక్కడెక్కడో తొర్రలో తల్లీ పిల్లా చీలిక దగ్గర ముక్కు పెట్టుకుని చూస్తుంటాయి. ఆకలితో అవి కూడా చనిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు చింతచెట్టు కింద గోరింక గుర్తుకొచ్చింది. దానికి గూట్లో పిల్లలున్నాయో లేదో మనం చూశామా?

ఈ పక్షికీ అడవికీ ఉన్న లెక్క కూడా చెప్పాలి. అది మింగిన పళ్ళ గింజలు చాలా దూరం పోయి పడతాయి. చిన్న పిట్టలు మింగలేని పెద్ద గింజల్ని కూడా అది మింగుతుంది. అందుకే హార్న్‌బిల్ పోయిన అడవిలో ముసలి చెట్లు పడిపోయాక వాటి చోట అదే జాతి మొక్కలు రావడం తగ్గుతుంది.

మరి నిషి వాళ్ళు దాన్ని ఎందుకు వేటాడేవాళ్ళు? మాంసానికి. అంతకంటే ముఖ్యం, ముక్కుకి. వాళ్ళ మగవాళ్ళు పేముతో అల్లిన టోపీ పెట్టుకుంటారు. దాని మీద హార్న్‌బిల్ ముక్కు అమర్చి ఉంటుంది. అది వాళ్ళ తెగ గుర్తు, మగవాడి మర్యాద. టోపీ లేకుండా పండుగకు వెళ్ళడమంటే మనవాళ్ళు థింసాకి డప్పు లేకుండా వెళ్ళినట్టే. బయటివాడు వచ్చి "టోపీ తీసేయండి, తప్పు" అంటే ఎవరు వింటారు? నేనైతే వినను.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. టోపీ తీసేయమని ఎవరూ అనలేదు. 2000 దశకం మొదట్లో అటవీ శాఖ వాళ్ళూ, వన్యప్రాణుల కోసం పనిచేసే సంస్థ వాళ్ళూ కలిసి ఫైబర్‌గ్లాసుతో అచ్చం అలాంటి ముక్కులే చేయించి ఇచ్చారు. టోపీ ఉంది, ముక్కు ఉంది, మర్యాదా ఉంది. మొదట్లో "నకిలీ ముక్కు" అని మొహం తిప్పుకున్నవాళ్ళు ఉండకపోతారా! మా తాతకు ఈ సంగతి చెబితే "ప్లాస్టిక్ ముక్కేట్రా" అని నవ్వాడు. కాసేపు ఊరుకుని, "పాత ముక్కు విరిగిపోతే మళ్ళీ ఇంకో పక్షిని చంపాలి కదా, ఇది నయమేలే" అన్నాడు.

తర్వాత 2006లో పక్కే చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు కలిసి ఘోరా-ఆభే అనే సంఘం పెట్టుకున్నారు. వేటాడినా, దొంగతనంగా చెట్లు నరికినా సంఘమే జరిమానా వేస్తుంది. గార్డుకు చాటుగా తప్పు చేయొచ్చు గానీ సొంత ఊరి పెద్దకు చాటుగా చేయడం కష్టం కదా. 2011-12లో ఆ సంఘం, అటవీ శాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ కలిసి గూళ్ళను దత్తత ఇచ్చే పథకం మొదలుపెట్టాయి. పట్నాల్లో ఉండేవాళ్ళు ఒక్కో గూటికి ఏటా డబ్బు కడతారు. ఆ డబ్బుతో ఊరివాళ్ళనే గూటి కాపలాదారులుగా పెట్టుకుంటారు. వాళ్ళలో ఒకప్పుడు వేటాడినవాళ్ళు ఉన్నారు. ఏ చెట్టు మీద ఏ పక్షి వాలుతుందో, ఏ పండు ఏ నెలలో పండుతుందో వేటగాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ తెలివే కాపలాకు పనికొచ్చింది. దూరంగా కూర్చుని మగపక్షి ఎన్నింటికి వచ్చింది, ఏం పండు తెచ్చింది, పిల్ల ఎప్పుడు బయటపడింది అన్నీ నోటుబుక్కులో రాస్తారు. ఇలా వందకు పైగా పిల్లలు గూళ్ళు దాటి ఎగిరాయి. 2016లో ఈ పథకానికి భారత జీవవైవిధ్య అవార్డు వచ్చింది.

ఇక పండుగ. 2015 జనవరిలో సెయిజోసా అనే ఊళ్ళో నిషి వాళ్ళు మొదటిసారి పక్కే పాగా పండుగ జరిపారు. పాగా అంటే వాళ్ళ భాషలో ఆ పక్షి. మన తెలుగులో పాగా అంటే తలకు చుట్టుకునేది. ఆ పక్షి ముక్కు వాళ్ళ తల మీదే ఉండేది కాబట్టి ఈ మాట నాకు భలే కుదిరిందనిపించింది. నిషి వాళ్ళకు ఫిబ్రవరిలో న్యోకుం అని పంటల కోసం చేసే పాత పండుగ ఉంది. ఇది దాని బదులు పెట్టింది కాదు, పక్షి కోసం కొత్తగా పెట్టుకున్నది. ఊరోళ్ళే పూనుకుని చేస్తారు. నృత్యాలు, ఆటల పోటీలు, తమ వంటలు, బయటినుంచి వచ్చినవాళ్ళను అడవి అంచుకు తీసుకెళ్ళి పక్షుల్ని చూపించడం. ఒకప్పుడు పక్షి ముక్కు పెట్టుకుని ఆడినవాళ్ళు ఇప్పుడు పక్షి పేరు మీద ఆడుతున్నారు. అడవి కాపలా వాళ్ళూ ఊరోళ్ళూ ఒకే మైదానంలో కూర్చుని చూస్తారు. బోర్డుకీ మనిషికీ మధ్య ఉండే దూరం ఇలా కొంత తగ్గుతుంది.

అంతా బాగానే ఉందని రాస్తే అబద్ధమవుతుంది. కాపలా కాసే ఆ గూళ్ళు ఉన్నది పులుల కేంద్రం లోపల కాదు, పక్కనున్న పాపుం రిజర్వు అడవిలో. అక్కడ 2013, 2017 సంవత్సరాల మధ్య చాలా అడవి పోయిందని ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. పక్షిని ఎవరూ కొట్టకపోయినా తొర్ర ఉన్న చెట్టే లేకపోతే అది ఎక్కడ గూడు పెడుతుంది? అలాంటి తొర్ర పడాలంటే చెట్టుకు మన తాతలకంటే ఎక్కువ వయసు ఉండాలి. పైగా కలపలో డబ్బుంది, కాపలాలో ఉన్న డబ్బు కొద్దిమందికే. పండుగ మూడు రోజుల్లో అయిపోతుంది, రంపం ఏడాదంతా తిరుగుతుంది. దీనికి జవాబు నాకు దొరకలేదు. సోషల్ మాస్టారిని అడిగితే ఆయన కూడా కాసేపు ఆలోచించి "ఇది పెద్ద ప్రశ్నరా" అన్నారు.

హార్న్‌బిల్‌లు మనకు లేవనుకోకండి. మన పాపికొండల అడవుల్లో మలబార్ పైడ్ హార్న్‌బిల్ ఉంది. నలుపూ తెలుపూ ఒళ్ళు, పసుపు ముక్కు మీద నల్ల మచ్చ. బూడిద రంగులో ఉండే చిన్న రకం కూడా మన కొండల్లో తిరుగుతుంది. అవి కూడా తొర్రలోనే తల్లిని మూసిపెట్టి పిల్లల్ని పెంచుతాయి. చైత్రంలో మన ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు వేటకు పోతారు, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు. సరిగ్గా పక్షులు తొర్రల్లో ఉండే నెలలు కూడా అవే. పండుగ మానేద్దామని నేను అనడం లేదు, అంటే మా అమ్మే నన్ను ఇంట్లోకి రానివ్వదు. నిషి వాళ్ళు టోపీ ఉంచుకుని ముక్కు మార్చుకున్నట్టు, మనం దేన్ని ఉంచుకుని దేన్ని మార్చుకోవచ్చో సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దల్ని అడగండి. నేను మా తాతను అడిగాను. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు, కానీ కోప్పడలేదు కూడా.

వార్డెన్ సార్ ఒక మాట ఒప్పుకున్నారు. వచ్చే రెండో శనివారం పొద్దున టిఫిన్ కంటే ముందు మన బడి వెనక గట్టు మీదికి పక్షుల్ని చూడడానికి వెళ్తాం. పేర్లు ఇవ్వాల్సింది నాకే. ఉండేళ్ళు గదిలో పెట్టి రావాలి. ఆ ముందు రోజు సాయంత్రం తెల్లకాగితం మీద మనకు తెలిసిన తొర్ర చెట్లన్నీ గుర్తు పెట్టి మ్యాపు గీస్తాం. గట్టు మీది ఇప్పచెట్టు తొర్రలో ఏదో ఉందని ఎనిమిదో తరగతి వాళ్ళు అంటున్నారు, ఏంటో చూడాలి.

ఇంకొకటి. ఈ కాగితం కింద జానెడు ఖాళీ వదిలాను. పెద్ద ముక్కు పక్షిని కువిలో ఏమంటారు, కొటియాలో ఏమంటారు, సవరలో ఏమంటారు? తెలిసినవాళ్ళు అక్కడ రాయండి. తెలియకపోతే ఇంటికి ఉత్తరం రాసి కనుక్కోండి. పెన్సిలు దారంతో కట్టి వేలాడదీశాను, దయచేసి ఎవరూ తీసుకుపోకండి.