కంచె కత్తిరించు విద్యుత్ యంత్రము: కత్తుల పదును, పోషణ

గోరింట, డురాంటా, నూరువరహాలు మొదలగు మొక్కల కంచెలను సమముగా కత్తిరించుటకు నేడు నర్సరీలలోను, పంచాయతీ తోటలలోను, పాఠశాలల ఆవరణలలోను హెడ్జ్ ట్రిమ్మరు అను విద్యుత్ యంత్రమును వాడుచున్నారు. పదునైన కత్తి కొమ్మను నున్నగా తెంచును. మొద్దుబారిన కత్తి దానిని నలిపి చీల్చును. చీలిన చివరలు ఎండి గోధుమరంగుకు తిరుగును. ఆ గాయములు తెగుళ్ళకు దారి యిచ్చును. మోటారు వేడెక్కి చెడిపోవచ్చును. ఇరుక్కొన్న కొమ్మను తొందరపడి చేతితో లాగినచో వేళ్ళకే ముప్పు.

ముందుగా చేయవలసినది

ఏ పనికైనను ముందు ప్లగ్గు ఊడదీయవలెను. బ్యాటరీ యంత్రమైనచో బ్యాటరీని వేరుచేయవలెను. స్విచ్చి ఆపిన మాత్రమున చాలదు. చేతులకు మందపాటి తొడుగులు ధరించవలెను.

లోప మెక్కడ?

కొమ్మ తెగనంత మాత్రమున ఆకురాయి పట్టరాదు. కారణములు మూడు.

1. జిగురు: కొమ్మల రసము, ఆకు పొడి కత్తులపై పేరుకొని గట్టిపడును. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. మోటారుపై కిరోసిన్ గాని నీరు గాని పడరాదు.

2. సందు: రెండు కత్తుల మధ్య సందు పెరిగినచో లేత కొమ్మ తెగక మడతపడును. సర్దుబాటు బోల్టులున్న యంత్రములలో సాధారణముగా బోల్టును బిగించి, పావు మొదలు అర చుట్టు వెనుకకు త్రిప్పి, నట్టును పానాతో బిగింతురు. మీ యంత్రపు సూచనల పుస్తకములోని కొలతయే ప్రమాణము.

3. పదును: పై రెండును సరిచేసిన పిదప కూడ కొమ్మ నలుగుచున్నచో అప్పుడే ఆకురాయి పట్టవలెను. అరిగిన ఉక్కు తిరిగి రాదు గదా!

పదును పెట్టు విధము

బల్లపరుపు ఆకురాయిని పంటి వాలునకు సరిగా ఆనించి, అంచు వైపునకే త్రోయవలెను. వెనుకకు తెచ్చునపుడు పైకెత్తవలెను. కర్మాగారమున పెట్టిన వాలును మార్చరాదు. అన్ని పళ్ళకును ఒకే లెక్కగా రాపిడి పెట్టవలెను. రెండు కత్తులు ఒకదానితో నొకటి రాసుకొను చదును ముఖమును అరగదీయరాదు. అచ్చట మిగిలిన గరుకును మాత్రము సన్నని సానరాయితో తీసివేయవలెను. కరెంటు సానపై ఎక్కువసేపు పట్టిన కత్తి వేడెక్కి నీలిరంగుకు తిరుగును. అట్టి ఉక్కు మెత్తబడి పదును నిలుపుకొనదు.

నిత్య పోషణ

పనికి ముందును, తరువాతను పలుచని మిషను నూనె వేయవలెను. కంచెలో దాగిన తీగలు, మేకులు ముందే వెదకి తీయవలెను. ఒక్క మేకు అనేక పళ్ళను విరుగగొట్టును. పని ముగిసిన పిదప తొడుగు వేసి, పిల్లలకు అందని పొడి చోట ఉంచవలెను.

పంచాయతీలలో యంత్రము అందరిదైనచో దాని బాగోగులు ఎవరికిని పట్టవు. కావున గ్రామాధికారులు ఒక వ్యక్తికి అప్పగించి, నూనె వేసిన తేదీని, పదును పెట్టిన తేదీని పుస్తకములో వ్రాయించుట మంచిది.